తొంభై ఆరు దాటని నాడి

మా మామయ్య మంచితనమే నా కొంప ముంచింది అని మొదలుపెట్టబోయాను. చూశారా, ఇదీ నా బుద్ధి. మునిగింది ఆయన కొంప, ముంచింది నేను. తొమ్మిదేళ్ళు జిమ్ములో రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా తువ్వాళ్ళూ లాకరు తాళాలూ అందించి అందించి, తప్పు ఎక్కడ జరిగినా ముందు ఎదుటివాళ్ళ వైపు వేలు చూపించడం నాకు అలవాటైపోయింది.

ముప్ఫై ఆరేళ్ళ వయసులో ట్రైనర్ కావాలన్న పట్టుదల పుట్టింది నాకు. పట్టుదల అన్నది పైకి చెప్పుకునే మాట, అసలు సంగతి ఉక్రోషం. నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు సర్టిఫికెట్ పట్టుకొచ్చి, ఎవరి మోకాలు ఎంతవరకు వంగుతుందో చూడకుండా జనాన్ని వంచేస్తుంటే, బల్ల వెనక నుంచి చూసి చూసి ఒళ్ళు మండేది. నేనే గనక ట్రైనర్నైతే ఒక్కరికి గోరు కూడా విరగనివ్వను అనుకునేదాన్ని.

పరీక్షకి రెండు భాగాలు. మొదటిది ఆరు వందల పేజీల పుస్తకం. కండరాలు, కీళ్ళు, తిండి, ఊపిరి, గుండె, చివర్లో మందుల మీద ఒక అధ్యాయం. రెండోది ఒక ఫైలు. నిజం మనిషినొకరిని క్లయింటుగా తీసుకుని, పరీక్షకి ముందు పన్నెండు వారాలు వ్యాయామం చేయించి, రోజూ ఏం చేయించామో, నాడి ఎంత కొట్టుకుందో రాసి చూపించాలి. పుస్తకం నా చేతిలో ఉంది. మనిషి దొరకలేదు. మా ఆయన్ని అడిగితే నడుం పట్టేసిందన్నాడు. పక్కింటావిడ రెండు రోజులు ఆలోచించుకుని వేరే ఊరు వెళ్తున్నానంది. నేను నోరు చేసుకుంటానని అందరికీ తెలుసు, ఎవరొస్తారు?

మామయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు, యాభై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి దిగినవాడు ఇంట్లో కాళ్ళు నిలవక ఒక చిన్న బడి వ్యాను పట్టుకున్నాడు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, పదమూడు మంది పిల్లలు. ఎవరికి వ్యానులో కడుపులో తిప్పుతుందో, ఎవరు లెక్కల హోంవర్కు ఎగ్గొట్టారో ఆయనకి కంఠతా వచ్చు. నన్ను చిన్నప్పటి నుంచీ ఇన్‌స్పెక్టరమ్మా అని పిలుస్తాడు. "ఇన్‌స్పెక్టరమ్మా, నా పొట్టని నీకు అప్పజెప్తున్నాను, కేసు రాసుకో," అంటూ కొత్త బూట్లు వేసుకుని మరీ వచ్చాడు.

ఫైల్లో మొదటి కాగితం ఆరోగ్యం గురించిన ప్రశ్నలు. గుండెనొప్పి వచ్చిందా, కళ్ళు తిరుగుతాయా, ఎముకలు విరిగాయా. మామయ్య అన్నిటికీ ఒక్కో జోకు చెప్పి, లేదు లేదు అంటూ పోయాడు. మందులేమైనా వాడుతున్నారా అన్నచోట మాత్రం ఆగాడు. పొద్దున్నే ఒక చిన్న మాత్ర వేసుకుంటాడట, ప్రెషర్‌కి. పేరు అత్తయ్యకి తెలుసట, ఆయనకి రంగే తెలుసట. తెల్లది.

అలాంటప్పుడు ఏం చెయ్యాలో పుస్తకంలో ఉంది. మాత్ర పేరు రాసుకోవాలి, డాక్టరు దగ్గర నుంచి చీటీ తెప్పించుకోవాలి, అది వచ్చేదాకా క్లయింటుని మెషిను ఎక్కించకూడదు. ఫోన్ చేస్తే ఆ డాక్టరు రెండు వారాలు సెలవు అన్నారు. నాకేమో సోమవారం మొదలుపెట్టకపోతే పన్నెండు వారాలు నిండవు, పరీక్ష మళ్ళీ ఆర్నెల్ల తర్వాతే. ప్రెషర్ మాత్ర ఎవరు వేసుకోవడం లేదు, సగం ఊరు వేసుకుంటోంది అనుకున్నాను. మందులు అన్న గడిలో 'లేవు' అని రాశాను. తర్వాత దిద్దుదామనుకున్నాను. మందుల అధ్యాయం ఇరవై రెండోది, నేనప్పటికి తొమ్మిదిలో ఉన్నాను.

మొదటిరోజు కూర్చోబెట్టి నాడి చూస్తే యాభై నాలుగు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. కూర్చున్నప్పుడు నాడి తక్కువగా ఉంటే గుండె బలంగా ఉన్నట్టని తొమ్మిదో అధ్యాయంలో ఉంది, పరుగుపందేలవాళ్ళకి అలా ఉంటుందట. ఆ మాట మామయ్యకి చెప్పాను. సాయంత్రానికల్లా అది వ్యానులో పిల్లలకీ, బడిలో వాచ్‌మన్‌కీ, అత్తయ్య దగ్గరికి యూనిఫారాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకీ తెలిసిపోయింది. ఆయనది పరుగుపందెం గుండె, పొట్ట ఒక్కటే అడ్డం.

రెండు వందల ఇరవైలో నుంచి వయసు తీసేస్తే గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం వస్తుంది. మామయ్యకి నూట అరవై ఒకటి. అందులో నూటికి అరవై అయిదు నుంచి డెబ్బై అయిదు వంతుల మధ్య పని చేయిస్తే ఫలితం ఉంటుంది. అంటే నాడి నూట అయిదు దాటాలి, నూట ఇరవై దాటకూడదు. ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి పెట్టుకున్నాను. ఆ రెండు గీతల మధ్యకి ఆయన్ని తీసుకురావడమే నా పని.

ఆయన రాడే. ట్రెడ్‌మిల్ మీద గట్టిగా నడిపిస్తే ఎనభై ఎనిమిది. ఏటవాలు పెంచితే తొంభై రెండు. నాలుగో వారంలో పరుగులాంటి నడక, తొంభై అయిదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయేది, మొహం కందిపోయేది, మెషిను మీద అంకె మాత్రం కదిలేది కాదు. "ఇంక చాలేమోనమ్మా," అని ఒకటి రెండుసార్లు అన్నాడు. నీ గుండె ఇంకా నిద్ర కూడా లేవలేదు మామయ్యా, అంకె చూడు అన్నాను. ఆయన అంకె చూసేవాడు. ఆరు వందల పేజీలు చదువుతున్న మేనకోడలి మీద నమ్మకంతో, తన ఒగర్పుని తానే అబద్ధమనుకుని మళ్ళీ నడిచేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా మామయ్య నోరు ఆగదు. బస్సులో డ్రైవరుతో మాట్లాడరాదు అన్న బోర్డు కిందే కూర్చుని ముప్ఫై ఏళ్ళు మాట్లాడిన మనిషి. మొదటి రెండు వారాలూ ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ జిమ్మంతా నవ్వించాడు. మూడో వారం నుంచి జోకులు తగ్గాయి. ఆరో వారానికి నోరే మెదపడం లేదు. క్లయింటు వ్యాయామం చేస్తూ మాట్లాడలేకపోతే శ్రమ ఎక్కువైనట్టు, వెంటనే తగ్గించాలి అని పుస్తకంలో ఉంది. ఆ వాక్యం కింద నేను గీత కూడా గీసుకున్నాను. అయినా ఆయన మాట ఆగిపోతే నేనేమనుకున్నానో తెలుసా? హమ్మయ్య, మనిషికి శ్రద్ధ కుదిరింది అనుకున్నాను.

ఎనిమిదో వారం, మంగళవారం. అంకె తొంభై ఆరు. ఫైల్లో ఎనిమిది వారాల చుక్కలూ ఎర్ర గీతకి కిందే ఉన్నాయి, చూసే ఎగ్జామినరు ఇదేం ట్రైనింగు అంటాడని నాకు కంగారు. మామయ్య ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఒక్క నిమిషం మామయ్యా అని వేగం పెంచే మీట రెండుసార్లు నొక్కాను. ఆయన కాళ్ళు బెల్టు వేగాన్ని అందుకోలేకపోయాయి. వెనక్కి జారి నేల మీద పడ్డాడు, కుడి చెయ్యి ఒంటి కింద నలిగింది. ఆ చప్పుడు నాకు వినబడింది. అంకె అప్పుడు కూడా తొంభై ఆరే.

ఆసుపత్రిలో మణికట్టుకి కట్టు కట్టి, గుండె చూడటానికి రెండు రోజులు ఉంచుకున్నారు. గుండెకి ఏమీ కాలేదు. అత్తయ్య సంచీలోంచి మాత్రల అట్ట తీసి చూపించగానే డాక్టరు నా వైపు తిరిగింది. ఈ మాత్ర పనే నాడిని పెరగనివ్వకపోవడం. ఇది వేసుకునేవాళ్ళని నాడి చూసి పరిగెత్తించకూడదు, ఎలా ఉందని మనిషినే అడగాలి. ఆయన్ని ఇంత వేగంతో ఎవరు పరిగెత్తించారని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు మంచం మీద నుంచి మామయ్య అందుకున్నాడు. "అమ్మాయి తప్పేం లేదండీ. తను అటు వెళ్ళింది చూసి నేనే మీట నొక్కాను. సరదా పుట్టింది."

అత్తయ్య తల పట్టుకుంది. వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదని అక్కడే, డాక్టరు ముందే మొదలుపెట్టింది. ఆయన తిట్లు తింటూనే, అత్తయ్య భుజం మీదుగా నన్ను చూసి కన్ను గీటాడు. నేను తల దించుకున్నాను. తర్వాత చెబుదాం, ఇప్పుడు ఆవిడ కోపంగా ఉంది అనుకున్నాను. 'తర్వాత దిద్దుదాం' అనుకున్న బుర్రే కదా నాది.

జిమ్ము యజమాని ప్రమాదం రిపోర్టు రాశాడు. క్లయింటు ట్రైనరు మాట వినకుండా స్వయంగా వేగం పెంచుకున్నారు అని రాసి, కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. గాయం వల్ల మధ్యలో ఆగిన ఫైలుని ఆ రిపోర్టు జత చేస్తే ఒప్పుకుంటారట. యజమాని నన్ను ఓదార్చాడు కూడా, పెద్దవాళ్ళతో ఇదే గొడవ అన్నాడు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆ శుక్రవారం అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్ళింది. అత్తయ్య కుట్టేది ఆ బడి యూనిఫారాలే, ప్రిన్సిపాల్ మేడమ్‌కి ఆవిడ మాట మీద గురి. వ్యాను తాళాలు బల్ల మీద పెట్టింది. "చెయ్యి నెలరోజుల్లో బాగుపడుతుందన్నారు మేడమ్. చెయ్యి గురించి కాదు. సరదా పుడితే మీట నొక్కే మనిషి. రేపు పిల్లలు వ్యానులో ఉండగా సరదా పుడితే? నాకు భయంగా ఉంది. ఆయనకి ఇంక ఇవ్వకండి."

మేడమ్ నమ్మలేకపోయింది. ఆయన అలాంటి మనిషి కాదే అని, నన్ను చూసి, "మీరు అక్కడే ఉన్నారు కదా, నిజమేనా?" అని అడిగింది.

నేను తల ఊపాను.

ఇంతకంటే చెడ్డపని నేను బతుకులో చెయ్యలేదు. అదీ నోటితో చేసింది కాదు, మెడతో చేసింది. మెడలో ఏయే కండరాలు కదిలితే తల ఊగుతుందో వాటి పేర్లు కూడా అప్పటికి నాకు వచ్చు.

ఆ తర్వాత పరీక్షకి నాలుగు వారాలు ఉన్నాయి. వంచిన నడుం ఎత్తకుండా చదివాను. మామయ్య ఇంటికి రెండుసార్లే వెళ్ళాను. రెండుసార్లూ ఆయన పొద్దున్నే లేచి, బూట్లు వేసుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేక అత్తయ్య కుట్టుమిషను పక్కన కూర్చుని ఎడమచేత్తో గుండీలు ఏరుతున్నాడు. అత్తయ్య ఆయనతో మాట్లాడేది తిట్టడానికే. బంధువులందరికీ ఫోన్లలో చెప్పేసింది. ఒకాయన మామయ్యని పరుగుపందెం అని పిలిచి నవ్వాడట. మామయ్య నన్ను గుమ్మం దాకా దిగబెడుతూ, చదువు ఎంతదాకా వచ్చిందని మాత్రమే అడిగాడు. మందుల అధ్యాయం అయిపోయిందని చెప్పాను.

పరీక్షలో నలభై ఒకటో ప్రశ్న అదే. నాడిని పెరగనివ్వని మాత్ర వాడే క్లయింటు శ్రమని దేన్ని బట్టి కొలవాలి? నాలుగు జవాబుల్లో సరైనదాని పక్కన టిక్కు పెట్టడానికి నాకు రెండు క్షణాలు కూడా పట్టలేదు. పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి. యజమాని సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి రిసెప్షన్ బల్ల వెనక గోడకి తగిలించాడు. తొమ్మిదేళ్ళు నేను వీపు ఆనించిన గోడే అది.

నా మొదటి సొంత క్లయింటు ఒక పళ్ళ డాక్టరు, యాభై దాటిన మనిషి. మందుల గడిలో తనే రాసుకుంది, ఆ మాత్రే. నేను అన్నీ పద్ధతిగా చేశాను. డాక్టరు చీటీ వచ్చేదాకా మెషిను ఎక్కనివ్వలేదు. నాడి పక్కన పెట్టేసి, శ్రమ పదికి ఎంత అనిపిస్తోందో నిమిషానికోసారి అడిగాను. పలకరిస్తూ, ఆవిడ మాట తడబడగానే వేగం తగ్గిస్తూ నడిపించాను. మూడో వారం ఆవిడ మెషిను దిగి చెమట తుడుచుకుంటూ, ఇంతకు ముందు ఇద్దరు ట్రైనర్లని చూశాను, మీ అంత జాగ్రత్త ఎవరికీ లేదు, ఎవరు నేర్పారండీ మీకు అని అడిగింది.

నీళ్ళు తెస్తానని చెప్పి లాకర్ల గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అది మాట వరసకి అనేది కాదని అప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నమే అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. మామయ్య వెనక గదిలో ఉన్నాడు. అత్తయ్య ఒక నీలం చొక్కాకి జేబు కుడుతోంది. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. మాత్ర సంగతి ఆయన మొదటిరోజే చెప్పాడని, నేను లేవని రాశానని, ఆయన చెయ్యెత్తాడని, మీట నొక్కింది నేనని.

మిషను ఆగింది. అత్తయ్య చొక్కాని సూది కింద నుంచి తీసి పక్కన పెట్టింది.

"ఆసుపత్రిలో ఆయన ఆ మాట అన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"బడిలో నేను ఆ మాట అన్నప్పుడు కూడా ఉన్నావు."

"ఉన్నానత్తయ్యా."

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్ళాను, తిడితే కొంత బరువు దిగుతుందని ఆశ. అత్తయ్య నన్ను ఒక్కమాట అనలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, ఆయన్ని పిలిచింది. మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడి మా ఇద్దరి మొహాలూ చూశాడు, అర్థమైపోయింది.

"ఇన్నాళ్ళు తిట్టాను కదా, ఒక్కసారైనా నిజం చెప్పొద్దా?" అంది అత్తయ్య.

"ఎలాగూ తిడతావు కదా, అందులో కలిసిపోతుందిలే అనుకున్నాను," అన్నాడు మామయ్య. నవ్వించబోయాడు గానీ ఎవరూ నవ్వలేదు. అప్పుడు నా వైపు తిరిగాడు. ఆయన నన్ను కోపంగా చూడటం అదే మొదటిసారి. "నీకోసం ఒక్క పని చేశానమ్మా. అది కూడా ఉంచలేకపోయావా?"

అత్తయ్య చెప్పులు వేసుకుంది. బడికి పద, తాళాలు అడుగుదాం అంది. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే నడిచింది, నేను పారిపోతానేమోనన్నట్టు.

ప్రిన్సిపాల్ మేడమ్ అంతా విని, బల్ల మీద కాగితాలు అటూ ఇటూ జరిపింది. "మీరు ఆవేశంలో చెప్పారేమోనని నాకు అనుమానమేనండీ. ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు ఎప్పుడూ. అందుకే నాలుగు వారాలు ఎవరినీ తీసుకోలేదు. మీలో ఎవరో ఒకరు వచ్చి, అలా ఏం కాదు అంటారని చూశాను." తర్వాత ఒక సోమవారం కొత్త డ్రైవర్ని పెట్టుకున్నారట. ఇద్దరు పిల్లల తండ్రి, బాగానే నడుపుతున్నాడు, కారణం లేకుండా తీసెయ్యలేనంది. ఆ సోమవారం ఏ తేదీ అని నేను అడిగాను. అడగకుండా ఉండాల్సింది. నా పరీక్ష దానికి ముందు శనివారం.

ఇంటికొచ్చి ఆ మాట మామయ్యకి చెప్పింది అత్తయ్యే. ఆయన కుర్చీలో కూర్చుని వింటూ, బాగుపడిన మణికట్టుని ఎడమచేత్తో మెల్లగా తిప్పుకున్నాడు. కొత్త డ్రైవరుకి మూడో సీటు పిల్లకి కిటికీ పక్కన చోటివ్వమని ఎవరైనా చెప్పారో లేదో అన్నాడు, దానికి కడుపులో తిప్పుతుందట. అత్తయ్య చెప్పి వస్తానంది. కాసేపటికి ఆయన కోపం కూడా పోయింది. ఆయన దగ్గర ఏ కోపం నిలిచింది గనక.

"ఆ నాలుగు వారాల్లోనే కదా నువ్వు కూర్చుని చదివింది," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, మామయ్యకి ఎత్తిపొడవడం రాదు. "పోనీలే ఇన్‌స్పెక్టరమ్మా. వ్యాను పోతే పోయింది, నీ సర్టిఫికెట్ నీకు దక్కింది. నేనింకా దాన్ని చూడనేలేదు, ఒకసారి తెచ్చి చూపించు."

ఆ పొద్దున లాకర్ల గదిలోంచి లేచి వచ్చిన వెంటనే నేను చేసిన మొదటి పని దాన్ని గోడ మీద నుంచి దించడం. జరిగిందంతా ఒక కాగితం మీద రాసి, సర్టిఫికెట్ ఫ్రేములోంచి తీసి, రెండూ ఒకే కవర్లో పెట్టి పరీక్ష పెట్టినవాళ్ళకి పంపేశాను. ఆ తర్వాతే అత్తయ్య దగ్గరికి వచ్చాను. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నా మొహంలోకి సంతోషంగా చూస్తున్నాడు.

రేపు తెస్తాను మామయ్యా అన్నాను.